నెత్తి మీద ఏమీ పెట్టొద్దన్నారు

మా అమ్మ నెత్తి మీద మూడు కాయలు ఉండేవి. రెండు చిన్నవి, చెవి వెనక, రేగుపళ్ళంత. మూడోది నడినెత్తిన, బత్తాయంత. అంత గడ్డ ఉంటే ఎవరైనా భయపడి డాక్టరు దగ్గరికి పోతారు. మా అమ్మ మాత్రం అదేదో తాను చేయించుకున్న నగ అయినట్టు మురిసిపోయేది. శామీర్‌పేట చెరువులో మా తమ్ముడు పట్టిన చేపలను గంపకెత్తుకొని, ఆటోలో మేడ్చల్‌లో దిగి, కొత్త కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. గంప కింద పెట్టుకోవడానికి పాత చీర ముక్కను గుండ్రంగా మెలేసి చుట్టబట్ట చేస్తారు కదా, దాని నడుమ ఉన్న సందులో ఈ బత్తాయి కాయ సరిగ్గా ఇమిడిపోయేది.

"గిది ఉన్నందుకే గంప కదలది. లేకుంటె ఎప్పుడు సూసినా ఒక చెయ్యి మీద పెట్టే ఉండాలె" అనేది. నమ్మకపోతే రెండు చేతులూ వదిలేసి నడిచి చూపించేది, అదీ నడి రోడ్డు మీద, వెనక లారీ హారన్ కొడుతుంటే. నాకు ఒళ్ళు మండిపోయేది.

తీసేయించుకోమని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నేను మేడ్చల్ పక్కన ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో పని చేస్తాను. ఆ మాత్రం పరిచయంతోనే నలుగురిని అడిగి తెలుసుకున్నాను. చర్మం కింద సంచిలాగా ఏర్పడుతుందట, లోపల తెల్లగా ముద్దలా పేరుకుంటుందట, చిన్నగా ఉన్నప్పుడే తీస్తే అరగంట పనట. ఇదంతా ఓపికగా చెప్తే, "మాత్రలు డబ్బలల్ల ఏసేదానివి, నువ్వు నాకు డాక్టరీ చెప్తవా?" అని ఒక్క మాటతో నా నోరు మూయించేది. మా అవ్వకూ ఉండేదట. అవ్వ అక్కకూ ఉండేదట. వాళ్ళెవరూ దానితో చావలేదట.

కిందటేడు ఎండాకాలంలో ఆ పెద్ద కాయ పగిలింది. ఎండ, చెమట, పైన గంప బరువు, కింద పల్చబడిన చర్మం. ముందు చిన్న పుండు పడింది. అమ్మ పసుపు అద్దింది. తగ్గలేదు. ఎవరో సున్నం, బెల్లం కలిపి పెట్టమంటే అదీ పెట్టింది. ఇంకెవరో ఏదో ఆకు పసరన్నారు. మా వాడకట్టులో వైద్యం తెలియని మనిషి లేరు, దవాఖానకు పో అని చెప్పే మనిషీ లేరు. పుండు నుంచి చీము కారడం మొదలైంది. వాసన. గదిలోకి రాగానే ముక్కుకు తగిలే వాసన.

ఆమె దానికీ జవాబు సిద్ధం చేసుకుంది. "చేపలోల్లం గాదా, చేపల వాసన రాదా?"

ఒకరోజు నేను కూడా ఆమె వెంట కాలనీకి వెళ్ళాను. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఒకటి ఎప్పుడూ మా దగ్గరే కొర్రమీను కొనేది. ఆ ఇంటావిడ గేటు దగ్గరికి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏంటమ్మా, చేప నిన్నటిదా ఏంటండీ? వాసనొచ్చేస్తోంది" అంది. మా అమ్మకు కోపం నషాళానికి అంటింది. ఎందుకు? తన నెత్తి గురించి అన్నందుకా? కాదు, చేపను అన్నందుకు. గంప దించి, చేప మొప్పలు విప్పి, ఎర్రగా ఉన్నాయో లేదో చూడమని ఆమె ముఖం ముందు పెట్టింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, వద్దమ్మా అని గేటు వేసుకుంది. తిరిగి వస్తూ దారంతా "మొప్పలు సూసి కూడ కొనలేదు, మతిలేని మనిషి" అని మా అమ్మ ఆవిడనే తిట్టింది. నేను రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. "నువ్వెందుకేడుస్తున్నవే? రేపు కొంటది తియ్" అని నన్ను ఓదార్చింది కూడా. ఇలాంటి మనిషితో ఎవరైనా ఏం చేస్తారు?

అలాంటిది వానలు పడుతున్న రోజుల్లో ఒకనాడు తనే ఫోన్ చేసింది. "దవాఖానకు ఎప్పుడు తీస్కపోతవ్?" అంది. నా చెవులను నేనే నమ్మలేదు. ఎందుకు మనసు మారిందని అడిగితే "నువ్వే గద మొత్తుకుంటున్నవ్" అని పెట్టేసింది. నా గొంతు నొప్పి పుట్టేదాకా చెప్పినందుకు ఇన్నాళ్ళకు ఫలం దక్కిందని కంపెనీలో అందరికీ చెప్పుకున్నాను. మా ఆయనకైతే రెండుసార్లు చెప్పాను.

దవాఖానలో కథ అంత తొందరగా తేలలేదు. షుగర్ ఉందన్నారు, అది దిగితే గానీ కోయలేమన్నారు. మూడు పూటలా అన్నం లేనిదే ముద్ద దిగని మనిషి, కిక్కురుమనకుండా జొన్నరొట్టె తిన్నది. చాయ్‌లో చక్కెర మానేసింది. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే అది వచ్చేదాకా నాకు కంటి మీద కునుకు లేదు. భయపడేదేమీ లేదని తేలింది. ఆమె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చొని, డాక్టరును ప్రతిసారీ ఒకటే అడిగేది: "సారూ, ఆషాడం దాకా మాని ఉంటదా?" చెరువు నిండి చేపల సీజన్ మొదలయ్యేలోపు గంప ఎత్తాలని ఆమె తాపత్రయం అనుకున్నాను. అప్పుడు కూడా నాకు చిరాకే వేసింది.

షుగర్ దిగి, పుండు కొంత ఎండి, తేదీ దొరికేసరికి మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఆపరేషన్‌కు ముందురోజు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. నిదానస్తుడు, మాట మెత్తన.

"చిన్నవి రెండూ తీసి కుట్టేస్తే అయిపోతుంది. పెద్దదాని మీది చర్మం మొత్తం చెడిపోయిందమ్మా, దాన్నీ తీసేయాలి. తీస్తే ఇంత గుంత పడుతుంది" అని తన అరచేతిని చూపించాడు. "నెత్తి మీది చర్మం పొట్ట చర్మంలా సాగదు. రెండు అంచులూ లాగి కుట్టేస్తే కలవదు. అందుకని పక్కనే ఉన్న మంచి చర్మాన్ని వంపుగా కోసి, ఒకవైపు మాత్రం కోయకుండా అలాగే ఉంచి, ఇటు తిప్పి గుంత మీద కప్పుతాం. కోయని వైపు నుంచే దానికి రక్తం అందుతుంది. దీన్ని ఫ్లాప్ అంటాం."

అమ్మ అంతా విని, "తలుపు రెక్క తిప్పినట్టా సారూ?" అంది.

"అంతే. ఆ బందు దగ్గర రక్తం ఆగకూడదు."

నాకు అర్థం కావడానికి రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఆమె నా వైపు జాలిగా చూసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గంటల తరబడి బయట కూర్చొని నేను ఎందరు దేవుళ్ళకు మొక్కానో, వాళ్ళలో కొందరి గుళ్ళు ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు. తెల్ల కట్టుతో, పక్కన చిన్న గొట్టంతో ఆమెను బయటికి తెచ్చారు. మొదటి రోజుల్లో నర్సు గంట గంటకూ వచ్చి, కట్టు సందులోంచి కనపడే చర్మాన్ని వేలితో నొక్కి వదిలేది. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం నడుస్తున్నట్టు. నేనూ పక్కనుంచి వంగి చూసేదాన్ని. తెల్లబడేది, ఎర్రబడేది. అమ్మ మాత్రం "జల్దీ కానియ్ బిడ్డా, చాయ్ సల్లారుతాంది" అని నర్సును తొందరపెట్టేది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి గట్టిగా చెప్పాడు. దసరా దాటేదాకా నెత్తి మీద ఏమీ పెట్టకూడదు. గంప వద్దు, బిందె వద్దు, కట్టెల మోపు వద్దు, బిగుతుగా రుమాలు కూడా వద్దు. కొత్త చర్మం కింద ఇంకా సరిగ్గా అతుక్కోలేదు. బరువు పడితే రక్తం ఆగుతుంది, అంచు నల్లబడి చచ్చిపోతుంది. "చచ్చిపోతే మళ్ళీ తిప్పి కప్పడానికి ఆ పక్కన చర్మం మిగల్లేదమ్మా. అప్పుడు చాలా కష్టం. ఆమె మాట వినే మనిషిలా లేదు. మీదే బాధ్యత" అన్నాడు. నాదే బాధ్యత! పెళ్ళాం మాట, బిడ్డ మాట, డాక్టరు మాట విననివాళ్ళందరి వెంటా ఒక బాధ్యత గల మనిషి తిరుగుతుంటుంది. మా ఇంట్లో ఆ మనిషిని నేను.

శామీర్‌పేటలో వదిలేస్తే మర్నాడే చెరువు కట్ట మీద ఉంటుందని మేడ్చల్‌లో మా అద్దె ఇంటికి తెచ్చుకున్నాను. అదీ ఒక యుద్ధమే. చుట్టాలు చూడటానికి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు యాపిల్ పండ్లు పెట్టి పోతారా అంటే పోరు. చూడాలి. దగ్గరికి వంగి చూడాలి. మా పెద్దమ్మ అయితే కుట్ల మీద ఉఫ్ఫని ఊదింది, మంట తగ్గుతుందట. అమ్మ వాళ్ళను ఆపుతుందా? కొత్తగా కట్టిన ఇల్లు చూపించినట్టు తల వంచి, "గిక్కడి నుంచి గిట్ల కోసిండ్రు, గిట్ల తిప్పిండ్రు" అని వేలితో గీసి మరీ చూపించేది. చివరికి నేను గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చున్నాను. గర్వం పెరిగిందని నాకు పేరొచ్చింది.

కుట్లు విప్పాక ఇంకో పరేషాన్. ఆ కప్పిన చర్మానికి స్పర్శ లేదు. తాకితే ఆమెకు తెలియదు. "గిది నాది గాదు బిడ్డా. ఎవ్వలదో తెచ్చి అతికిండ్రు" అని ఒకటే గొడవ. నీదే అమ్మా, నీ చెవి పైనున్నదే అంటే నమ్మదు. నెమ్మదిగా వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు అని డాక్టరు ముందే చెప్పాడు. ఆమెకు అది చెప్పే ధైర్యం నాకు లేక, వస్తది వస్తది అంటూ వచ్చాను. నొప్పి తెలియని చోటు కాబట్టి నాకు భయం ఇంకా ఎక్కువైంది. దువ్వెన గీరుకున్నా ఆమెకు తెలియదు. రోజూ పొద్దున, సాయంత్రం నేనే వేలితో మెల్లగా నొక్కి చూసేదాన్ని. తెల్లబడేది, ఎర్రబడేది. అప్పుడు గానీ నాకు చాయ్ రుచించేది కాదు.

ఇంతలో బోనాలు వచ్చాయి.

మా ఇంటి బోనం ఏటేటా అమ్మే ఎత్తుతుంది. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, లోపల బెల్లపన్నం పెట్టి, వేపాకులు చుట్టి, పైన దీపం వెలిగించి, నెత్తి మీద పెట్టుకొని చెరువు కట్ట మీది మైసమ్మ దాకా నడవాలి. ఈసారి తమ్ముడి భార్య ఎత్తుతుందని ముందే మాట్లాడుకున్నాం. అమ్మ అడ్డం చెప్పలేదు. "నేను ఉత్తగ వస్త. ఒక మూలకు కూసుంట. అమ్మోరిని సూసి వస్త" అంది. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కంపెనీలో సెలవు దొరికిన సంతోషంలో నాకు బుద్ధి పని చేయలేదు.

ఆ ఆదివారం ఊరికి చేరేసరికే నా సహనం సగం అయిపోయింది. దారంతా బండ్లు, మైకులు, ఎక్కడికక్కడ పందిళ్ళు. ఇంటికి వెళ్ళగానే అమ్మను చాప మీద కూర్చోబెట్టి, వంటింట్లో మరదలికి సాయం చేయబోయాను. డప్పులు వాకిట్లోకి వచ్చాయి. మరదలు కొంగు సరిచేసుకుంటూ బోనం కోసం చూస్తే లోపలి అర్రలో పెట్టిన కుండ లేదు.

బయటికి పరుగెత్తాను. మా అమ్మ పసుపుపచ్చ చీర కట్టుకొని, నెత్తికి తెల్ల గుడ్డ చుట్టుకొని, దీపం వెలుగుతున్న బోనాన్ని రెండు చేతులతో ఎత్తుతోంది. కుండ అప్పటికే ఆమె నుదుటి ఎత్తుకు వచ్చింది. నేను పెట్టిన కేకకు డప్పులు ఆగిపోయాయి.

"దించు! ముందు దించు! పిచ్చి పట్టిందా నీకు?"

"మెల్లగ అనవే, అమ్మోరి ముంగట గట్ల ఒర్రకు."

"డాక్టర్ ఏం చెప్పిండు? ఏం చెప్పిండు చెప్పు!"

"గంప ఎత్తొద్దన్నడు. గిది గంపనా? బోనం బరువుంటదానే? అమ్మోరే మోస్తది."

వాడకట్టంతా గుమిగూడింది. నేను ఇక ఎవరినీ లెక్క చేయలేదు. నెలలుగా కడుపులో దాచుకున్నదంతా కక్కేశాను. నీ షుగర్ కోసం నేను ఎన్ని రొట్టెలు కాల్చానో, నీ కట్టు కోసం ఎన్ని సెలవులు పోయాయో, నీ నెత్తి నల్లబడిందేమోనని పొద్దున లేవగానే దేవుడి ముఖం చూడకుండా నీ బుర్ర చూస్తున్నానని, అది చచ్చిపోతే కప్పడానికి ఇంక చర్మం లేదని, అసలు ఒక్కనాడైనా నా మాట విన్నావా అని. చివరికి "ఇందుకేనా కోయించుకున్నది?" అని అరిచాను.

"అవు, ఇందుకే" అంది అమ్మ.

కుండ అలాగే గాల్లో పట్టుకొని ఉంది.

"గిది ఎత్తనీకే కోయించుకున్న. పోయినేడు నా నెత్తి మీదికెల్లి దించేసిండ్రు. చీము కారే నెత్తి మీద అమ్మోరి బోనం పెడ్తవా, ఊరికి కీడైతది, దించు అని గీ వాకిట్లనే దించేసిండ్రు. అందరు సూస్తుండంగ. ఆనాడు నువ్వు నీ అత్తగారింట్ల ఉంటివి, నీకేం ఎరుక? గంపనైతే ఎన్నడన్న ఎత్తుకుంట. గంప కోసం నేను కోతకు పోతనా?"

మరదలి వైపు చూశాను. ఆమె నేల చూపులు చూస్తూ, "అవు వదినా. ఆరోజు అత్తమ్మ అన్నం తినలే. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టుకుంది" అంది.

నాకు కోపం పోలేదు, అబద్ధం ఎందుకు? ఎవరి మీద కోపపడాలో మాత్రం తెలియకుండా పోయింది. నిరుడు కుండ దించినవాళ్ళు అక్కడే, ఆ గుంపులోనే బిందెలు పట్టుకొని నిలబడే ఉంటారు. వాళ్ళను తిడదామా అంటే, ఆ వాసనకు నేను కూడా ముఖం తిప్పుకున్నదాన్నే. ఇంతా చేసి ఈ మనిషి నా మాట విని దవాఖానకు రాలేదు. నేను కంపెనీలో అందరికీ చెప్పుకున్న గొప్పంతా ఉత్తదే. అది కూడా నాకు ఆ క్షణంలోనే బాధనిపించింది, ఏం చేస్తాను.

డప్పులవాళ్ళు నా ముఖం చూస్తున్నారు. అమ్మ చేతులు కిందికి జారుతున్నాయి. ఇంకాసేపుంటే కుండ నెత్తి మీద పడుతుంది, లేదా నేల మీద పడుతుంది. నేను ముందుకు వెళ్ళి కుండ అడుగున రెండు చేతులూ పెట్టాను. నేను ఆమెకన్నా బెత్తెడు పొడుగు. మరదలిని పిలిచి అటువైపు పట్టుకోమన్నాను. ఇద్దరం కలిసి బోనాన్ని ఆమె నెత్తికి వేలెడు ఎత్తున నిలబెట్టాం.

"నడువు" అన్నాను. పళ్ళు కొరుకుతూనే అన్నాను.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. అమ్మ అలవాటుగా ఒక చెయ్యి కుండ పక్కన ఆనించి, రెండో చెయ్యి వదిలేసి, నిటారుగా నడిచింది. ఆమె అడుగుకు అడుగు కలపలేక మేమిద్దరం తూలుతున్నాం. దీపం నూనె నా మణికట్టు మీద చుక్కచుక్కగా పడి చురుక్కుమంటోంది. భుజాలు లాగేస్తున్నాయి. జనం దారికి రెండు వైపులా నిలబడి ఆమె పాదాల మీద నీళ్ళు పోస్తున్నారు, సగం నీళ్ళు నా కాళ్ళ మీదే, చెప్పులు లేని కాళ్ళు బురదలో జారుతున్నాయి. ఎక్కడ జారి ఆ కుండను నేనే ఆమె నెత్తిన వేస్తానో అని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకొని నడుస్తున్నాను.

మలుపు దగ్గర ఒక ముసలామె బిందె నిండా నీళ్ళు తెచ్చి, వంగి అమ్మ పాదాల మీద పోసి, తడి వేళ్ళు కళ్ళకద్దుకుంది. "ఈమెనే పోయినేడు దించిపిచ్చింది" అని మరదలు నా చెవిలో అంది. అమ్మ ఆమెను చూడలేదు. ముందుకే చూస్తోంది. కాసేపటికి మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"బిడ్డా, నెత్తి మీదనే ఉన్నదా? నాకు తెలుస్తలేదు."

నా చేతులు తిమ్మిరెక్కి నాకూ సగం తెలియడం లేదు. కుండకూ ఆమె నెత్తికీ మధ్యలోంచి అవతల చెరువు కట్ట కనపడుతోంది.

"నెత్తి మీదనే ఉన్నదమ్మా" అన్నాను.

"అయితె ఇగ చేతులు తియ్యిండ్రి. నలుగురు సూస్తుండ్రు" అంది.

మేము తియ్యలేదు. కట్ట ఎక్కడం ఇంకా మొదలే కాలేదు.